మబ్బు పోయిన వేళ

పెద్ద కొలిమిని ఆర్పేసిన రోజున, ఆఖరి బర్నరు తానే కట్టేస్తానన్నాడు మేస్త్రి. ఎవరూ కాదనలేదు. తొంభై ఆరు బర్నర్లలో తొంభై ఐదు అప్పటికే చల్లారాయి. ఇనుప గోడకున్న చిన్న కంతలోంచి, నీలం అద్దం అడ్డం పెట్టుకుని, ఆయన ఆ ఒక్క మంటనూ కాసేపు చూశాడు. అడుగున నీలం, కొసన కాస్త నారింజ. వంక పెట్టడానికేమీ లేదు. వాల్వు తిప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఆవరణలో రాత్రీ పగలూ వినిపిస్తున్న హోరు ఆగిపోయింది. ఆగాక గానీ అది ఎంత పెద్ద హోరో ఎవరికీ తెలిసిరాలేదు.

"నా చెవులు పోయాయేమో అనుకున్నానయ్యా!" అని అరిచాడు డప్పన్న. అన్నేళ్ళూ కంప్రెసర్ పక్కన నిలబడి నిలబడి ఆయనకు మెల్లగా మాట్లాడడం చేతకాకుండా పోయింది. ఆ పేరు అందుకే వచ్చింది. కొత్తగా వచ్చిపడిన నిశ్శబ్దంలో ఆ అరుపు గేటు దాకా వినిపించింది. ఒకరిద్దరు నవ్వారు. తక్కినవాళ్ళకు నవ్వు రాలేదు.

సాయంత్రం మేస్త్రి ఇంటికి వచ్చి, తాళం తీసి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఆర్పేశామే," అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన రెండో చెప్పు కూడా విప్పి, రెంటినీ గోడవారగా పెట్టి, లోపలికి వెళ్ళి దీపం వేశాడు.

అది ఎరువుల ఫ్యాక్టరీ. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చే గ్యాసును ఆవిరితో కలిపి కొలిమి వేడికి విడగొడితే హైడ్రోజన్ వచ్చేది. ఆ హైడ్రోజన్‌కు గాలిలోని నత్రజని కలిపి టవర్లోకి పంపితే అమ్మోనియా, అమ్మోనియా నుంచి ఎరువు. రెండు టవర్లుండేవి. గ్యాసు ధర ఎవరి చేతిలోనూ లేదు. ఓడ ఒక వారం ఆలస్యమైతే జిల్లా జిల్లా అంతా ఎరువు కోసం లైన్లలో నిలబడేది. అందుకే ఊరి చివర బీడు భూమిలో కనుచూపు మేర సోలార్ పలకలు పరిచి, ఫ్యాక్టరీలో కొలిమి పక్కనే కొత్త హాలు కట్టారు. హాల్లో వరసగా పెట్టెలు. వాటిలోకి శుద్ధమైన నీళ్ళు, ఎండ నుంచి వచ్చిన కరెంటు. నీళ్ళు విడిపోయి అదే హైడ్రోజన్. పొగ లేదు, ఓడ లేదు. ప్రస్తుతానికి అది ఒక్క టవరుకు సరిపోతుంది.

మేస్త్రి కింద పదకొండు మంది. కొలిమి పోయినా ఆ పన్నెండు మందినీ కొత్త కంట్రోల్ రూముకు తీసుకుంటామన్నారు, పరీక్ష గట్టెక్కితే. ఐదు రోజుల పాటు పొద్దున నుంచి పొద్దుగూకే దాకా టవరు ఆగకుండా నడపాలి. అదీ పరీక్ష. పని నేర్పడానికి రాజధాని నుంచి ట్రైనింగ్ మేడమ్ వస్తుందన్నారు. వచ్చింది. చూస్తే మేస్త్రి మరదలు.

పదకొండేళ్ళప్పుడు ఆ పిల్ల అక్క పెళ్ళయిన కొత్తలో వాళ్ళింటికి వచ్చి, కొలిమి చూస్తానని మారాం చేస్తే, మేస్త్రి సైకిలు మీద తీసుకొచ్చి నీలం అద్దం కళ్ళకు పెట్టి మంట చూపించాడు. ఆ రోజే తను ఇంజనీరునయిపోయానని ఆమె అందరితో చెబుతూ ఉంటుంది. ఇప్పుడు చెవి పక్కన జుట్టు కాస్త నెరిసింది.

"మేస్త్రి గారూ, మౌసును అలా అదిమి పట్టుకోకండి. అదేం పారిపోదు."

"వాల్వు అయితే చేతికి బదులు చెబుతుంది మేడమ్ గారూ. ఇది ఏం చెబుతుంది, నా బొంద."

"తెర మీద చెబుతోందిగా. అటు చూడండి."

"చూస్తున్నాను. అంకెలే ఉన్నాయి."

"మరి అంకెలు కాక, మీ మరదలు బొమ్మ ఉంటుందా?"

వెనక బెంచీలో డప్పన్న నవ్వితే కిటికీ అద్దాలు అదిరాయి.

ఫ్యాక్టరీలో గారూ, మేడమూ. గేటు దాటితే బావా, ఏమే. ఆ హద్దు ఇద్దరూ దాటలేదు. గేటు బయట కూడా చనిపోయిన మనిషి గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఆమె నేర్పింది నిజానికి పెద్ద విషయం కాదు. ఎండ ఉన్నంతసేపు హాల్లో హైడ్రోజన్ పుడుతుంది. కాస్త ఎక్కువ పుడితే పక్క ఆవరణలో పడుకోబెట్టిన పొడుగాటి ఉక్కు ట్యాంకుల్లోకి పోతుంది. ఆకారాన్ని బట్టి వాటిని అందరూ బుల్లెట్లంటారు. రాత్రిళ్ళు నది మీది డ్యాము కరెంటు వస్తుంది కాబట్టి బాధ లేదు. పగలు ఆ కరెంటు ఊళ్ళకూ పంపుసెట్లకూ కావాలి. అందుకని పగటి పూట మబ్బు పట్టిందంటే బుల్లెట్లే గతి. టవరు పూర్తి జోరుతో, నూటికి నూరు మీద నడుస్తుంటే నిండు బుల్లెట్లు గంట సేపు వస్తాయి. టవరును నలభైకి దించితే, మబ్బులోనూ పలకలు కాస్త కరెంటు ఇస్తూనే ఉంటాయి కాబట్టి, నాలుగు గంటలు వస్తాయి. మబ్బు వస్తే టవరు దించు, పోతే ఎక్కించు. అంతే.

"మరి మిషనే దించుకోవచ్చుగా?" అని డప్పన్న అడిగాడు.

"కొత్త టవరైతే దించుకుంటుంది. మనది ముప్పై ఏళ్ళది. ఎంత మెల్లగా దిగితే దానికి నొప్పి ఉండదో మిషనుకు తెలియదు. మీకు తెలుసు. అందుకే మిమ్మల్ని కూర్చోబెడుతున్నాం."

మొదటి పరీక్షలో మూడో రోజు, పన్నెండు దాటాక మబ్బు కమ్మింది. తెర మీద కరెంటు గీత పడిపోసాగింది. మేస్త్రి చేతులు ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే చేశాయి. కొలిమి దగ్గర నేర్చుకున్న పాఠం ఒక్కటే: పడనివ్వకు. మంట తగ్గిందంటే లోపలి గొట్టాలు బీటలిస్తాయి. ఒకసారి నాలుగు వందల పన్నెండు రోజులు మంట ఇంచు తగ్గకుండా కాపాడినందుకు ఆయనకు గోడ గడియారం బహుమతి ఇచ్చారు. ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆయన బుల్లెట్లు తెరిచి టవరును నూరు మీదే పట్టుకున్నాడు. పక్కనున్న పదకొండు మందిలో ఒక్కరికీ అది తప్పని తోచలేదు. అందరూ కొలిమి మనుషులే.

మబ్బు పోతుందనుకున్నాడు. గంటా పది నిమిషాలకు బుల్లెట్లు అడుగంటాయి. టవరు తనంతట తాను ఆగిపోయింది. మరో పది నిమిషాలకు ఎండ వచ్చింది.

చల్లబడిన టవరును మళ్ళీ వేడెక్కించడానికి రెండు రోజులు పడుతుంది. మేనేజరు మర్యాదస్థుడే, గొంతు పెంచలేదు. ఇంకొక్క అవకాశం అన్నాడు. ఈసారి కూడా ఆగిపోతే, మిషన్లు అమ్మిన కంపెనీ తన మనుషులనే తెచ్చుకుని కంట్రోల్ రూములో కూర్చోబెడుతుంది. ఈ పన్నెండు మంది బస్తాల షెడ్డుకు పోవాలి.

"బస్తాలు కుట్టడం మాత్రం పని కాదా?" అన్నాడు డప్పన్న, గేటు బయట.

"పనే. కానీ నీ అరుపుకు బస్తాలు పగిలిపోతాయి," అన్నాడు మేస్త్రి. 

ఆ సాయంత్రం మరదలు వచ్చింది. తనే వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి రెండు గ్లాసులూ తెచ్చి ముందు గదిలో కూర్చుంది.

"చక్కెర ఎక్కడ పెట్టావు బావా? అక్క పెట్టే చోట లేదు."

"డబ్బా అక్కడే ఉందే. ఖాళీ అయింది."

ఆమె ఒక గుక్క చప్పరించి చూసి, చప్పటి టీయే తాగింది.

"ఎందుకు అలా పట్టుకుని కూర్చున్నావు? నేను వంద సార్లు చెప్పాను కదా."

"పోతుందనుకున్నాను."

"పోతుంది. పోదని ఎవరన్నారు? పోయేదాకా తగ్గి ఉండమన్నాను."

"నీకు తెలియదే. తగ్గిందంటే మళ్ళీ లేవదు. ఎన్ని చూశాను."

"లేవంది కొలిమి. టవరు లేస్తుంది. ఆ సంవత్సరం ఓడ రాకపోతే, తొమ్మిది రోజులు దాన్ని ముప్పై ఐదు మీద పాకించింది ఎవరు? నా సెలవులప్పుడే కదా. అక్కా నేనూ రోజూ నీ క్యారియరు మోసుకొచ్చి గేటు దగ్గర ఇచ్చేవాళ్ళం. గడ్డం పెంచుకుని దొంగలా ఉన్నావు."

"అప్పుడు గ్యాసు లేదు. గతిలేక చేశాను. ఆ తొమ్మిది రోజులూ ముళ్ళ మీద కూర్చున్నాను."

"ఇప్పుడు ఎండ లేదు. తేడా ఏంటి?"

మేస్త్రి గ్లాసు అడుగున మిగిలింది చూస్తూ కూర్చున్నాడు. మరదలు లేచి, వెళ్ళబోతూ, బీరువా పక్కనున్న అట్టపెట్టెను చూసింది. భార్య పనిచేసిన బడి నుంచి హెడ్మిస్ట్రెస్ పంపించిన పెట్టె. పైన తాడు కట్టినట్టే ఉంది.

"ఇంకా విప్పలేదా?"

"తీరిక దొరకలేదు."

ఆమె పెట్టెను చూసింది, ఆయన్ను చూసింది, చెప్పులు వేసుకుంది. "ఎల్లుండి పరీక్ష మళ్ళీ మొదలు. రేపు టవరు వేడెక్కుతూ ఉంటుంది, నీకు పని లేదు. రేపు తీరికే," అని వెళ్ళిపోయింది.

మరుసటి మధ్యాహ్నం మేస్త్రి తాడు విప్పాడు. పైన కళ్ళజోడు డబ్బా, సగం వాడిన సుద్దముక్కలు, ఎర్ర సిరా పెన్ను. కింద పొడుగాటి నోటు పుస్తకాలు, ఇరవై రెండు. ఆమె బడిలో భూగోళం చెప్పేది. ఏటా ఒక తరగతి పిల్లలతో మబ్బుల రిజిస్టరు రాయించేదని ఆయనకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర చెప్పి నవ్వేది. ఆయన కొలిమి గురించి ఆలోచిస్తూ ఊ కొట్టేవాడు. ఎప్పుడూ తెరిచి చూడలేదు.

పేజీకి ఐదు గడులు. తేదీ. మబ్బు వచ్చిన వేళ. ఏ దిక్కు నుంచి. మబ్బు పోయిన వేళ. రాసినవారి సంతకం. గీతలన్నీ ఆమె స్కేలుతో గీసినవే. లోపల పిల్లల రాత, వంకరటింకరగా. అంచున ఎర్ర సిరాలో ఆమె మాట.

"మబ్బు ఏనుగులా ఉంది" అని ఒక పిల్లవాడు రాశాడు. పక్కన ఎర్ర సిరా: "ఆకారం అడగలేదు. వేళ రాయి."

"మబ్బు వచ్చింది. లెక్కల పరీక్ష మాత్రం వాయిదా పడలేదు." ఎర్ర సిరా: "పడదు."

"మబ్బు పోలేదు." ఎర్ర సిరా: "బడి వదిలాక ఇంటికి వెళుతూ పైకి చూశావా? చూసి రేపు వచ్చి రాయి." కింద, మర్నాటి తేదీతో, అదే పిల్లరాత: "చూశాను టీచర్. ఐదుంబావుకు పోయింది."

మేస్త్రి మొదట ఆ పుస్తకాలు పరీక్షకు పనికొస్తాయేమోనన్న ఆశతో చదివాడు. ఈ నెలలో మబ్బు ఎక్కువగా పడమటి గుట్ట మీద నుంచి, పదకొండున్నరకూ ఒంటిగంటకూ మధ్య వస్తుందని ఒక కాగితం మీద రాసుకున్నాడు కూడా. తరవాత కాగితం సంగతి మరిచిపోయాడు. కొలిమి మంటను చూసినట్టే చూస్తూ పోయాడు, వరస వెంట వరస. ఆయన చూస్తున్నది నాలుగో గడి. ఒక పుస్తకం, రెండు, ఆరు, పదిహేను. ఇరవై నిమిషాలకు పోయినవి ఉన్నాయి. పొద్దున వచ్చి బడి వదిలినా పోనివి ఉన్నాయి. మూడు రోజులు కదలనిది ఒకటుంది. దానికి కూడా నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి వేళ పడింది. ఒక్క గడీ ఖాళీ లేదు.

చివరి పుస్తకం చివరి పేజీకి వచ్చేసరికి గదిలో వెలుతురు తగ్గింది. తేదీ ఆయనకు తెలిసిందే. వచ్చిన వేళ పదకొండూ పది. పడమర. నాలుగో గడి ఖాళీ. సంతకం లేదు, ఎర్ర సిరా లేదు. ఆ వేళకే ఆమె తల నొప్పిగా ఉందని కుర్చీలో కూర్చుని బల్ల మీద వాలింది. పిల్లలు పక్క తరగతి టీచరు కోసం పరుగెత్తారు. ఆ మధ్యాహ్నం ఎవరూ ఆకాశం చూడలేదు. మరో మూడు రోజులకు ఆస్పత్రిలో పోయింది.

మేస్త్రి పుస్తకాలను వరస తప్పకుండా పెట్టెలో సర్ది, తాడు కట్టకుండా వదిలేశాడు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు బయటే, చివరి పుస్తకం సంచిలోంచి తీసి మరదలికి చూపించాడు. తను రాసుకున్న కాగితం కూడా ఇచ్చాడు. ఆమె కాగితం చదివి పెదవి కొరుక్కుంది.

"బావా, మనకు శాటిలైటు ఉంది. గంట ముందే చెబుతుంది."

"తెలుసులే. మబ్బు రావడం చెబుతుంది."

"పోవడం కూడా చెబుతుంది."

మేస్త్రి నవ్వాడు. చాలా రోజుల తరవాత వచ్చిన నవ్వు, కాస్త తుప్పు పట్టినట్టుంది. "అయితే మీ అక్క చాదస్తం ఎందుకూ పనికిరాదన్నమాట."

"అలా అనలేదు."

"ఇరవై రెండేళ్ళు. ఒక్కటి తప్ప ఖాళీ లేదే," అన్నాడు. ఆమె ఆ పేజీ చూసింది. చాలాసేపు చూసి, పుస్తకం మూసి తిరిగి ఇచ్చింది. "లోపలికి పదండి మేస్త్రి గారూ. టైమయింది," అంది.

మొదటి నాలుగు రోజులూ చిన్నచిన్న మబ్బులు. ప్రతిదానికీ ఆయన టవరు దించాడు, ఎక్కించాడు. చేయి ఇంకా మొరటుగానే ఉంది. "మేస్త్రీ, టవరు నడుపుతున్నావా, లిఫ్టు నడుపుతున్నావా?" అని డప్పన్న కంప్రెసర్ షెడ్డులోంచే అడిగాడు. ఫోను అక్కర్లేకుండానే వినిపించింది.

ఐదో రోజు మేనేజరు కూడా వచ్చి కూర్చున్నాడు. మరదలు వెనక కుర్చీలో ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఉంది. పరీక్షలో ఆమె నోరు విప్పకూడదు. పదకొండున్నరకు తెర మీద హెచ్చరిక వచ్చింది: యాభై నిమిషాల్లో మబ్బు, పెద్దది. మేస్త్రి లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. పడమటి గుట్ట మీద ఆకాశం పలక తుడిచిన నీళ్ళ రంగులో ఉంది. అటువంటి రంగు గురించి మూడు రోజులు కదలని మబ్బు దగ్గర ఎవరో పిల్లవాడు రాస్తే, రంగు అడగలేదని ఎర్ర సిరా కోప్పడింది. ఆయన రెండు నిమిషాలు నిలబడి చూసి లోపలికి వచ్చి కూర్చున్నాడు. నూరు నుంచి తొంభై ఎనిమిదికి దించాడు. ఆగాడు. తొంభై ఆరు.

మేనేజరు కిటికీలోంచి చూశాడు. "ఎండ పెళపెళ కాస్తోంది కదండీ. అప్పుడే ఎందుకు తగ్గిస్తున్నారు?"

"ఇప్పుడైతే మెల్లగా దిగొచ్చు సార్. తరవాతైతే పడాలి."

"నష్టం కాదూ?"

"టవరు తాగంది బుల్లెట్లలోకి పోతుంది. చూడండి, నిండుతున్నాయి."

మేనేజరు వెనక్కి తిరిగి మరదలిని చూశాడు. ఆమె తన కాగితం మీద పెన్ను మూత సరిచేసుకుంటోంది.

డెబ్భై దగ్గర మేస్త్రి కంప్రెసర్ షెడ్డుకు ఫోను చేశాడు. "గొంతు ఎలా ఉంది?"

"నాదా, కంప్రెసర్‌దా?"

"నీది ఊరందరికీ తెలుసు. దానిది చెప్పు."

"కాస్త గరగరలాడుతోంది. అరనిమిషం ఆగు." ఆగాడు. "ఆ, సర్దుకుంది. దించుకో."

పన్నెండూ ఇరవైకి నీడ గుట్ట దిగి, సోలార్ పలకల మీదుగా పాకి, ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చింది. అప్పటికి టవరు నలభై మీద స్థిమితంగా ఉంది. బుల్లెట్లు నిండుగా ఉన్నాయి. 

ఒంటిగంట. రెండు. పలకల నుంచి కరెంటు అంతంతమాత్రంగానే వస్తోంది. రెండున్నరకు బుల్లెట్లు సగానికి దిగువన. శాటిలైటు ముందు మూడింటికి పోతుందని చెప్పింది, తరవాత నాలుగన్నది, తరవాత ఐదన్నది. డ్యాము కరెంటు రావడానికి ఆరు కావాలి. ఉన్నది నాలుగున్నరకే సరిపోతుందని గదిలో అందరూ ఎవరికి వారే లెక్కేసుకున్నారు. 

మేస్త్రి ముప్పై తొమ్మిదికి దించాడు.

"అయ్యా, నలభై కింద దిగకూడదని రాసి ఉంది," అన్నాడు మేనేజరు.

"రాసినవాళ్ళు కొత్త టవరుకు రాశారు సార్. ఇది ముప్పై ఐదు మీద తొమ్మిది రోజులు బతికింది. నేను పక్కనే ఉన్నాను."

"చల్లారిపోతే?"

"లోపలి వేడి ఈ అంకె. ఇది మూడు గీతలు పడితే నేనే మళ్ళీ ఎక్కిస్తాను. పడదు."

గొంతులో పంతం లేదు. ఇంట్లో ఏ అల్మరాలో ఏముందో చెప్పినట్టు చెప్పాడు. మేనేజరు లాగ్ పుస్తకం ఆయన ముందుకు జరిపాడు. "రాసి సంతకం పెట్టండి. కింద నేనూ పెడతాను." ఇద్దరూ పెట్టారు.

ముప్పై ఐదు దగ్గర ఆగాడు. లోపలి వేడి ఒక గీత పడింది. అందరి కళ్ళూ దాని మీదే. మళ్ళీ పడలేదు. మేస్త్రి మౌసు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడ చెయ్యవలసిన పని ఏమీ లేదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే ఆ వేళకు పని. కొలిమి దగ్గర ఆయన ఒక్కరోజు కూడా అలా కూర్చోలేదు.

నాలుగూ నలభైకి కిటికీ కింద సిమెంటు నేల మీద కిటికీ ఊచల నీడ పడింది. ముందు పలచగా, తరవాత గట్టిగా. బుల్లెట్లలో మిగిలింది నూటికి తొమ్మిది.

"లేపవయ్యా, లేపు!" అని అవతల నుంచి డప్పన్న కేక.

"అతనికి చెప్పు, కంగారు పడొద్దని," అన్నాడు మేస్త్రి పక్కవాడితో. ముప్పై ఆరు. ఆగాడు. ముప్పై ఏడు. ఆరింటికి డ్యాము కరెంటు వచ్చేసరికి టవరు డెబ్భై మీద ఎక్కుతూ ఉంది, గొట్టాల జాయింట్లలో ఎక్కడా కారిన చెమ్మ లేదు.

మేస్త్రి లాగ్ పుస్తకం దగ్గరికి లాక్కుని, అందులో లేని రెండు గడులు స్కేలుతో గీశాడు. ఒకదాంట్లో పన్నెండూ ఇరవై అని రాశాడు. రెండోదాంట్లో నాలుగూ నలభై.

మరదలు కుర్చీలోంచి లేచి వచ్చి కాగితం ముందు పెట్టింది. పన్నెండు పేర్లు. ఎదురుగా పన్నెండు చోట్ల ఆమె సంతకం అప్పటికే చేసి ఉంది.

"ఎప్పుడు చేశారు మేడమ్ గారూ ఇవి?"

"మీరు బయటికి వెళ్ళి ఆకాశం చూసొచ్చారే, అప్పుడు."

"మధ్యలో ఆగిపోయి ఉంటే?"

"చింపేసేదాన్ని. ఏం, మరదలినని మొహమాటపడతాననుకున్నారా?"

డప్పన్న అప్పుడే లోపలికి వచ్చి, ఏం జరిగిందో ఎవరూ చెప్పకముందే, అందరికీ వినపడేలా, "బస్తాలు బతికిపోయాయి!" అన్నాడు.

గేటు దాటాక ఇద్దరూ నడిచి వెళుతుంటే మరదలు మలుపు దగ్గర ఆగింది.

"బావా, శాటిలైటు బొమ్మలు రెండేళ్ళ వరకు దాచి ఉంచుతారు. ఏ రోజువైనా తీసి చూడొచ్చు. నేను చూశాను."

ఏ రోజని ఆయన అడగలేదు.

"ఆ మబ్బు ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. చెప్పనా?"

మేస్త్రి రోడ్డు పక్కన నిలబడ్డాడు. పడమర ఆకాశం శుభ్రంగా ఉంది. "నీ దగ్గర ఉంచు," అన్నాడు. "అడుగుతాను. ఇవాళ కాదు." తరవాత, "చక్కెర కొనాలి, గుర్తు చెయ్యి. నువ్వొస్తే టీ చప్పగా ఉంటోంది," అన్నాడు. ఆమె ఊ అంది.

ఇది జరిగి ఏడాది అయింది. టవరు ఆ తరవాత ఒక్కసారి కూడా మబ్బు వల్ల ఆగలేదు. వేరే ఊళ్ళ ఫ్యాక్టరీల నుంచి మనుషులు వచ్చి కంట్రోల్ రూములో నేర్చుకుని పోతున్నారు. బల్ల మీద ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉంటుంది. షిఫ్టులో ఉన్నవాళ్ళు మబ్బు వచ్చిన వేళ, పోయిన వేళ అందులో రాయాలి. డప్పన్న ఒకసారి "గేదెలా ఉంది" అని రాస్తే, పక్కన ఎర్ర సిరాలో "ఆకారం అడగలేదు" అని పడింది.

రెండో టవరు ఇంకా చల్లగానే ఉంది. దాన్ని నడపవలసిన రెండో హాలుకు సున్నంతో గుర్తులు పెట్టారు. అవి రెండు వానలకు కొట్టుకుపోయాయి, పునాది ఇంకా తీయలేదు. జిల్లాకు కావలసిన ఎరువులో సగం ఇప్పటికీ ఓడల్లోనే వస్తోంది. ఇంట్లో ఇరవై రెండో పుస్తకం చివరి పేజీలో, పదకొండూ పదికి వచ్చిన మబ్బుకు ఎదురుగా, నాలుగో గడి నింపలేదు.